బాబిన్ అయిపోయినప్పుడల్లా

మాఘమాసంలో మా ఇంట్లో మిషన్ చప్పుడు ఆగదు. 2024 ఫిబ్రవరిలోనూ అంతే. ఒక్క పెళ్ళివాళ్ళవే పద్దెనిమిది జాకెట్లు, అన్నీ లైనింగువి. అందులో పెళ్ళికూతురివి ఏడు, వాటికి మెడ చుట్టూ పైపింగు, చేతులకు లేసు. ముహూర్తం నాలుగు రోజులుందనగా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, వంగి ముగ్గు వేస్తున్నాను. ఆఖరి గీత కలిపి లేవబోతే నడుం లేవలేదు. కుడివైపు ఎవరో పటకారుతో పట్టుకుని తిప్పినట్టయింది. గుప్పిట్లో ముగ్గుపిండి అట్లే ఉంది. మా అత్త బయటికొచ్చి చూసి, "ఏందిమ్మే, అట్లే ఉండిపోయినావు?" అనింది. నాకు మాట రాలేదు. ఆమె, మా పాప చెరో రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. ఆ పూటకే నొప్పి తుంటి మీది నుంచి తొడ వెనక్కు, మోకాలి దాకా దిగింది.

మాది కడపలో చిన్నచౌకు. నాకు నలభై మూడేళ్ళు, పదిహేడేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. మొదట తొక్కుడు మిషన్ ఉండేది, తర్వాత మోటారు పెట్టించాను. మోటారు వచ్చాక పని పెరిగింది, ఒళ్ళు కదలడం తగ్గింది. తొక్కుడు మిషన్‌కు రెండు కాళ్ళూ ఆడేవి. మోటారుకు కుడిపాదం కొంచెం నొక్కితే చాలు. రోజుకు తొమ్మిది పది గంటలు ఆ ఒక్క పాదం వైపు ఒరిగి, మెడ వంచి, సూది దగ్గర కళ్ళు పెట్టి కూర్చునేదాన్ని. కటింగ్ అంతా కింద బండల మీదే, బాసింపట్టు వేసుకుని ముందుకు వాలి చేసేదాన్ని. ఇదంతా నాకు చాలా తర్వాత అర్థమైంది. ఆ రోజుకు మాత్రం ముగ్గే నా నడుం పట్టించిందనుకున్నాను.

మా అత్తకు డెబ్భై దాటాయి. ఆమెకు తెలిసిన వైద్యం ఆమె చేసింది. ఆముదం వెచ్చచేసి రాసింది. రాళ్ళుప్పు పెనం మీద వేయించి, నా దగ్గరున్న కాటన్ ముక్కలోనే మూట కట్టి కాపడం పెట్టింది. ఆ వేడికి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆ కాపడం నేను ఇప్పటికీ మానలేదు. సాయంత్రం ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లోణ్ణి ఒకణ్ణి పిలుచుకొచ్చింది. నడుం పడితే అట్లా పుట్టినవాళ్ళ చేత మూడుసార్లు తొక్కించడం మా పక్క వాడుక. వాడికి పదమూడేళ్ళు, సిగ్గుపడుతూ మెల్లగా కాలు పెట్టాడు. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి నడుం ఒక్కసారిగా బిగుసుకుని గట్టిగా అరిచాను. పాపం, పిల్లోడు ఏడ్చేశాడు. వాడి తప్పు లేదు, మా అత్త తప్పూ లేదు. ఇంట్లో మనిషి బాధపడుతుంటే చూస్తూ కూర్చోలేక చేసే పనులు అవి. కానీ నొప్పి ఏ రకమో తెలియకుండా వెన్ను మీద ఇంకొకరి బరువు పెట్టించుకోవద్దని ఇప్పుడు ఎవరడిగినా చెప్తాను.

మూడోరోజు ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాం. నన్ను పడుకోబెట్టి చూసింది లేదు, నడిపించి చూసింది లేదు. ముందు స్కానింగ్ రాశారు. ఆరు వేలు అయింది. రిపోర్టు చూసి, "నాలుగో పూస, అయిదో పూస మధ్య డిస్కు జారింది. మూడు వారాలు మంచం దిగొద్దు. ఇంక జన్మలో వంగొద్దు, బరువు ఎత్తొద్దు, కింద కూర్చోవద్దు" అన్నారు. నడుంకు కట్టుకునే బెల్టు ఒకటి, మాత్రలు ఇచ్చారు. అడుగుదామనుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. వంగకుండా బట్టలు కుట్టేదెట్లా? ఆటోలో వచ్చేటప్పుడు మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆయన బేల్దారి, తాపీ పని. ఇద్దరి సంపాదన మీద నడిచే ఇల్లు మాది.

పద్దెనిమిది జాకెట్ల గుడ్డలూ వాళ్ళింటికి తిరిగి పంపించేశాను. మిషన్ మీద దుప్పటి కప్పాను. ఇరవై రోజులు మంచం మీదే ఉన్నాను. మొదటి రెండు మూడు రోజులు హాయిగానే ఉండింది. వారం దాటాక ఒళ్ళు కట్టెబారింది. పక్కకు తిరగాలన్నా మనసులో లెక్క వేసుకుని తిరిగేదాన్ని. దగ్గొస్తే భయం, తుమ్మొస్తే భయం. సూది కింద పడితే తీయడానికి మా పాపను పిలిచేదాన్ని. నొప్పి మొదట్లో ఉన్నంత లేదు, అయినా బెల్టు విప్పితే నడుం రెండు ముక్కలవుతుందనిపించేది. మంచం దిగిన రోజు బాత్రూం దాకా నడిస్తే పిక్కలు వణికాయి. ఆ ఇరవై రోజులు ఎందుకు పడుకున్నానా అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

ఉగాదికి ముందు, మా వీధిలో ఒక వదిన రిమ్స్‌లో, అంటే కడప ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, ఫిజియోథెరపీ చేస్తారు, పోయి చూడమంది. పుట్లంపల్లి దాకా ఆటోలో ఆ కుదుపులకే చచ్చిపోతాననుకున్నాను. అక్కడ నన్ను చూసిన ఫిజియోథెరపిస్టు చిన్న వయసు పాప. రిపోర్టు కవరు చాపితే పక్కన పెట్టి, ముందు నన్ను ప్రశ్నలు అడిగింది. మూత్రం అదుపు తప్పుతోందా? కూర్చునే చోట, తొడల సందున స్పర్శ తగ్గిందా? పాదం ఎత్తి పెట్టలేక కాలు ఈడ్చుకుపోతోందా? జ్వరం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, ఎక్కడైనా కిందపడడం ఉందా? పడుకున్నా నొప్పి తగ్గకుండా రాత్రంతా బాధిస్తోందా? అన్నిటికీ లేదన్నాను. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామాలు, మర్దనలు అని కూర్చోకూడదట, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. అందులోనూ మూత్రం అదుపు తప్పడం, కూర్చునే చోట స్పర్శ పోవడం అయితే ఆ రోజే పోవాలి, తెల్లారనీ అని ఆగకూడదు. తర్వాత నన్ను మడమల మీద నడిపించింది, మునివేళ్ళ మీద నడిపించింది, వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో కాలూ ఎత్తి చూసింది. అప్పుడు రిపోర్టు తీసింది.

"అక్కా, డిస్కు కొంచెం ఉబ్బింది. నిజమే. కానీ ఇదే నీ నొప్పికి కారణమని ఖాయంగా చెప్పలేం" అంది. 1994లో అమెరికాలో నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్ఐ స్కానింగ్ తీస్తే, వాళ్ళలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించిందని చెప్పింది. వాళ్ళంతా మామూలుగా తిరుగుతూ పనులు చేసుకుంటున్నవాళ్ళే. "డిస్కు సబ్బుబిళ్ళ కాదక్కా జారిపోయేదానికి. పైన పూసకూ కింద పూసకూ గట్టిగా అతుక్కుని ఉంటాది. ఉబ్బింది మెల్లగా తగ్గే అవకాశం కూడా ఉంది. నువ్వు వంగొచ్చు. ఈ రోజే కాదు, కానీ వంగొచ్చు." ఆ మాట విని అక్కడే కూర్చుని ఏడ్చాను. నెలరోజుల తర్వాత ఒక మనిషి నోట నేను చేయగలిగింది విన్నాను.

బెల్టు గురించి అడిగితే తన ఫోన్‌లో చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పికి సూచనలు ఇచ్చింది. వ్యాయామం, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేట్టు చెప్పడం, మర్దన వంటివి మంచివన్న జాబితాలో ఉన్నాయి. నడుం బెల్టులు, నడుం లాగిపెట్టే ట్రాక్షన్ వద్దన్న జాబితాలో ఉన్నాయి. 2020లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని కూడా అందులోనే రాసి ఉంది. అంతమందిలో నేనొకదాన్ని అంటే ఎందుకో ధైర్యం వచ్చింది. బెల్టు విప్పి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంక నా నడుంకు సాయపడిన టెన్నిస్ బంతి సంగతి.

ఆ పాప నా తుంటి మీద బొటనవేలితో ఒక చోట నొక్కింది. ఎముక అంచుకు కొంచెం కింద, పక్కగా. "ఇక్కడేనా?" అంది. అక్కడే. ఇన్నాళ్ళూ నడుం లోపల విరిగిందనుకున్న నొప్పి, తుంటి పక్కన కండరం మీద వేలు పెడితే అచ్చం అట్లే లేచింది. పెడల్ నొక్కే కాలి వైపు అది. ఒకే భంగిమలో గంటలు గంటలు కూర్చుంటే ఆ కండరాలు బిగుసుకుని, నొక్కితే దూరంగా నొప్పి పుట్టిస్తాయట. దాన్ని రోజూ నొక్కించుకోవడానికి రిమ్స్‌కు రాలేనని తనకూ తెలుసు. "ఇంట్లో టెన్నిస్ బంతి ఉందా?" అని అడిగింది.

మా సందులో పిల్లోళ్ళు సాయంత్రం అయితే దాంతోనే క్రికెట్ ఆడతారు. కొత్త బంతి కొనబోతే పాతదే తెచ్చుకోమంది. కొట్టి కొట్టి నూగు పోయి మెత్తబడ్డ లైట్ బంతి మొదట్లో మేలు. హెవీ బంతి గట్టిగా ఉంటుంది, నొప్పి తాజాగా ఉన్నవాళ్ళకు అది పనికిరాదు. ఈ తేడా నేను లెక్కపెట్టక చెడ్డాను, ఆ సంగతి తర్వాత చెప్తాను.

పద్ధతి ఇది. గోడకు పక్కగా నిలబడాలి. తుంటికీ గోడకూ మధ్య బంతి పెట్టి, కాళ్ళు గోడకు కొంచెం దూరంగా జరిపి, ఒళ్ళు బంతి మీదికి వాల్చాలి. ఎంత వాలితే అంత నొక్కుడు, ఆ కొలత మన చేతిలోనే ఉంటుంది. మెల్లగా కదులుతూ ఎక్కడ తీపుగా సలుపుతుందో వెతకాలి. దొరికాక కదలకుండా ఆగి, ముక్కుతో గాలి పీల్చి నోటితో నిదానంగా వదలాలి. అరనిమిషం నుంచి నిమిషం చాలు. నొప్పికి పదికి మార్కులు వేసుకుంటే అయిదు దాటకూడదు. పళ్ళు బిగపట్టి, ఊపిరి బిగబట్టి ఓర్చుకుంటే కండరం ఇంకా ముడుచుకుపోతుంది. అదే చోట రెండు నిమిషాలకు మించి వద్దు. అట్లా తుంటి పక్కన రెండు చోట్ల, పిర్ర పైభాగంలో ఒక చోట, వెన్నెముకకు పక్కగా ఉండే కండరాల దిమ్మల మీద. పది నిమిషాల్లో అయిపోతుంది.

పూసల మీద బంతి పెట్టొద్దు. ఎప్పటికీ వద్దు. చివరి పక్కటెముకల కింద గట్టిగా నొక్కొద్దు, లోపల మూత్రపిండాలు ఉంటాయి. కమిలిన చోట, ఉబ్బిన నరాల మీద వద్దు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, ఎముకలు బోలుబడ్డవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. ఈ మాటలు ఆ పాప నాచేత తిరిగి చెప్పించుకుంది.

వెన్నుకు రెండు పక్కలా ఒకేసారి నొక్కాలంటే రెండు బంతులు ఒక సాక్సులో వేసి ముడి కట్టమంది. ఇంట్లో కట్టి చూస్తే బంతులు జరిగి జరిగి పూస మీదికే వస్తున్నాయి. అప్పుడు నా పని నాకు గుర్తొచ్చింది. నెల తర్వాత మొదటిసారి మిషన్ మీది దుప్పటి తీశాను. మిగిలిపోయిన లైనింగ్ గుడ్డతో పొడుగు సంచి కుట్టి, ఒక బంతి వేసి, రెండు వేళ్ళ సందు వదిలి అడ్డంగా రెండు కుట్లు వేసి, ఇంకో బంతి వేసి మూతి కుట్టేశాను. రెండు కొసలకూ పట్టీ పెట్టాను, భుజం మీది నుంచి వెనక్కు వేసుకుని పైకీ కిందికీ జరుపుకోవడానికి. వెన్నెముక సరిగ్గా ఆ సందులో కూర్చుంటుంది. గోడకు ఆనుకుని మోకాళ్ళు కొంచెం మడిచి లేస్తే బంతులు రెండు దిమ్మల మీదా దొర్లుతాయి. తర్వాతి వారం తీసుకుపోయి చూపిస్తే ఆ పాప ఇంకొకటి కుట్టివ్వమని అడిగింది. నా చేతిపనికి వచ్చిన మెప్పుల్లో అది నాకు అన్నిటికంటే ఎక్కువ.

మొదటి రోజు బంతి పెట్టుకున్నాక ఒళ్ళు వదులై హాయిగా నిద్రపోయాను. పొద్దున లేస్తే నొప్పి మళ్ళీ అట్లే ఉంది. రెండో రోజూ, మూడో రోజూ అదే తంతు. "బంతితో పోతోంది కానీ నిలబడటం లేదు" అని ఆ పాపతో అన్నాను. దానికి తను చెప్పిన జవాబే నాకు మొత్తం వైద్యంలో అసలు సంగతి. నొక్కినందువల్ల లోపల ఏదో ముడి కరిగిపోదట. నొక్కుడుకు నరాల బెదురు తగ్గి, కండరం కాసేపు పట్టు వదులుతుంది. ఆ కాసేపట్లో నడుం ఎక్కువ దూరం కదులుతుంది. "ఆ అరగంటను నువ్వు పడుకుని పోగొట్టుకుంటాండావు అక్కా. ఆ అరగంటలోనే కదలాల." అప్పటిదాకా నేను బంతినే మందు అనుకున్నాను. మందు ఆ తర్వాత చేసే కదలికలు.

మొదట బోర్లా పడుకోవడం. బండ మీద బొంత పరుచుకుని, ఊరికే రెండు నిమిషాలు. తర్వాత మోచేతుల మీద లేవడం. కొన్నాళ్ళకు అరచేతులు ఆనించి, నడుం కింద వదిలేసి, ఛాతీ పైకెత్తడం, భుజంగాసనం తీరున. దీని వెనక ఒక కథ ఉంది. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర కాలు లాగే నొప్పితో ఒకాయన, తల వైపు ఎత్తి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడట. నడుం అంతగా వెనక్కు వంగిన ఆయన్ను చూసి మెకెంజీ భయపడితే, ఆయన మాత్రం కాలినొప్పి పోయిందన్నాడట. అక్కణ్ణించి మెకెంజీ ఒక పద్ధతే తయారు చేశాడు. అందులో నాకు బాగా ఉపయోగపడిన మాట ఒకటుంది. కాలి కిందికి దిగిన నొప్పి పైకి జరిగి నడుం దగ్గరికి చేరితే, నడుంలో కొంచెం ఎక్కువనిపించినా అది మంచికే. కిందికి దిగుతుంటే ఆ కదలిక ఆపేయాలి. నాకు తొమ్మిదో రోజుకు మోకాలి దగ్గరి నొప్పి తొడ మధ్యకు, మూడో వారానికి తుంటి దగ్గరికి వచ్చింది. నొప్పి ఎక్కడుందో గుర్తుండటానికి కొలతల పుస్తకంలోనే రోజూ రాసుకున్నాను. జాకెట్ల కొలతల మధ్య నా నొప్పి కొలత.

అందరికీ ఇది పడదు. వెనక్కు వంగితే నొప్పి పెరిగేవాళ్ళకు మోకాళ్ళు ఛాతీకి దగ్గరగా లాక్కోవడమే మేలు చేస్తుంది. ఏది పడుతుందో చూసి చెప్పడానికే ఒక్కసారైనా తెలిసినవాళ్ళకు చూపించుకోవాలి.

మిగిలినవి నాలుగే. చేతులు, మోకాళ్ళ మీద ఉండి, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపు పైకీ కిందికీ, నిదానంగా ఏడెనిమిది సార్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు బిగించి నడుం ఎత్తడం, అయిదు లెక్కపెట్టి దించడం, పదిసార్లు. పాత చున్నీ పాదానికి తగిలించి కాలు నిటారుగా పైకి లాగి అరనిమిషం ఆగడం. ఇది తొడ వెనక కండరాలకు. ఆఖరిది, మళ్ళీ చేతులు మోకాళ్ళ మీద ఉండి, కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాచి పది లెక్కపెట్టడం, తర్వాత రెండో వైపు. ఇది కెనడాలో వెన్నెముక మీద ఏళ్ళ తరబడి పని చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ ముఖ్యమని చెప్పిన మూడు వ్యాయామాల్లో ఒకటి. మొదట్లో నా కాలు లేస్తే చెయ్యి వణికేది, చెయ్యి లేస్తే నడుం పక్కకు ఒరిగేది. మా పాప నా వీపు మీద స్టీలు గ్లాసు పెట్టి, అది పడకుండా చెయ్యమనేది. గ్లాసు పడకుండా పది లెక్కపెట్టడానికి నాకు అయిదు వారాలు పట్టింది.

ముగ్గు సంగతి అడిగితే ఇంకో విషయం తెలిసింది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున లేవగానే మనిషి సాయంత్రం కంటే కొంచెం పొడుగుంటాడు. అట్లా నిండుగా ఉన్నప్పుడు పూర్తిగా ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. మన ఆడవాళ్ళం లేవగానే చేసేది అదే కదా. ఊడ్చడం, కల్లాపి, ముగ్గు, మూడూ వంగి చేసేవే. పొడుగు కట్టె చీపురు తెచ్చుకున్నాను. లేచాక ముందు ఇరవై నిమిషాలు సందుల్లో నడిచొచ్చి, తర్వాతే ముగ్గు. అది కూడా ఒక మోకాలు నేలకు ఆనించి వేస్తాను. మా అత్త మొదట ఒప్పుకోలేదు, ఎండ పొద్దెక్కాక ముగ్గేందని. చూసి చూసి ఆమే చీపురు అందుకోవడం మొదలుపెట్టింది. రాగి సంగటి కెలికేటప్పుడు కూడా అంతే, తపేలా కిందపెట్టి వంగి గెలకడం మానేసి గట్టు మీదే పెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ చివర్లో నేను చేసిన తప్పు చెప్పాలి. నొప్పి సగం తగ్గింది, తొందర పుట్టింది. మెత్తటి బంతికి బదులు హెవీ బంతి తీసుకుని, గోడ వదిలేసి, కింద బండ మీద పెట్టి, పిర్ర మధ్యలో దాని మీద మొత్తం బరువు వేసి పడుకున్నాను. పది నిమిషాలు ఓర్చుకున్నాను. మడమ దాకా జివ్వుమని తిమ్మిరి పాకింది. అక్కడ లోపల సయాటిక్ నరం పోతుంది, మన ఒంట్లో అన్నిటికంటే లావైన నరం అది. దాన్ని బంతికీ ఎముకకూ మధ్య పెట్టి నలిపాను. చర్మం కమిలి నల్లబడింది, నాలుగు రోజులు కూర్చోలేకపోయాను. ఫోన్ చేస్తే ఆ పాప తిట్టలేదు. "కాలిలోకి తిమ్మిరి దిగితే బంతి అక్కణ్ణించి తీసేయాల అక్కా, అంతే" అంది. నొప్పిని ఎక్కువ ఓర్చుకుంటే ఎక్కువ బాగవుతుందన్న నమ్మకం నాలో ఎంత లోతుగా ఉందో ఆ రోజు తెలిసింది.

మే నెలలో మిషన్ ఎక్కాను. మొదట పావుగంట, తర్వాత అరగంట. లేవడానికి ఫోన్‌లో అలారం పెట్టుకుంటే అది చంక కుట్టేటప్పుడో, మెడ తిప్పేటప్పుడో మోగేది. ఆ కుట్టు మధ్యలో ఎవరు లేస్తారు? రెండు రోజుల్లో ఆపేశాను. చివరికి లెక్క మిషన్‌లోనే దొరికింది. బాబిన్. కింది దారం చుట్టుకుని ఉండే చిన్న కండె అది, ఆ దారం అయిపోతే ఎట్లాగూ ఆగాల్సిందే. ఇదివరకు పది బాబిన్లు ముందే చుట్టి పెట్టుకుని కూర్చున్నచోటే మార్చేదాన్ని. ఇప్పుడు చుట్టిన బాబిన్లన్నీ అవతలి గదిలో అలమర పైఅరలో పెట్టాను. దారం అయిపోయినప్పుడల్లా లేచి, నడిచి, చెయ్యి చాపి తెచ్చుకోవాలి. అక్కడ గోడకు మేకుకు సంచి వేలాడుతుంటుంది. ఒక నిమిషం దానికి ఆనుకుని, నడుం మీద చేతులు పెట్టి అయిదుసార్లు వెనక్కు వంగి వస్తాను. పని ఏమీ తగ్గలేదు. సాయంత్రానికి కళ్ళు కూడా మునుపటంత మంటెత్తడం లేదు.

మా ఆయన కటింగ్ బల్ల కట్టించాడు. ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే నల్ల కడపబండ, పాలిష్ పట్టింది, ఆరడుగులది, రెండు ఇటుక దిమ్మల మీద. ఎత్తు ఎంత పెట్టాలని అడిగితే టేపు తీసి నేల నుంచి నా బొడ్డు దాకా కొలిచి ఇచ్చాను. ఊళ్ళో ఎందరికో వంటగట్లు కట్టాడు, అందరివీ ఒకే ఎత్తు. నా ఒంటి కొలతకు కట్టింది ఇదొక్కటే. ఎండాకాలంలో ఆ బండ చల్లగా ఉంటుంది కూడా. కుర్చీ ఎత్తు పెంచడానికి పాత బొంత మడిచి వేసుకున్నాను. పెడల్‌ను ఎడమకు జరిపి, పూటకొక పాదంతో నొక్కడం అలవాటు చేసుకున్నాను. ఎడమకాలికి మోటారు అదుపు రావడానికి నెల పట్టింది, ఆ నెలలో రెండు జాకెట్ల కుట్లు విప్పి మళ్ళీ వేశాను.

శ్రావణంలో మళ్ళీ పట్టింది. ఆగస్టు 16 వరలక్ష్మీవ్రతం, దాని ముందు పది రోజులు నడక మానేశాను, వ్యాయామాలు మానేశాను, బంతి ఒక్కటే పెట్టుకుంటూ బాబిన్లు మళ్ళీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. వ్రతం ముందురోజు సాయంత్రం అదే కుడివైపు, అదే పటకారు. ఆ క్షణంలో ఫిబ్రవరి మొత్తం కళ్ళముందు తిరిగింది. కానీ ఈసారి మంచం ఎక్కలేదు. ఉప్పు కాపడం పెట్టించుకున్నాను. గంటకొకసారి ఇంట్లోనే అయిదు నిమిషాలు నడిచాను. బోర్లా పడుకున్నాను, బంతిని గోడ దగ్గర మెల్లగా పెట్టుకున్నాను. పాదం ఎత్తగలుగుతున్నానా, తిమ్మిరి ఉందా అని నేనే చూసుకున్నాను. అయిదో రోజుకు మిషన్ దగ్గర ఉన్నాను. వ్రతం రోజు పీట మీద కూర్చోలేక నిలబడి పూజ చేశాను, అంతే తేడా.

2025 ఉగాదికి దేవుని కడపకు పోయాం. మా ఊళ్ళో ఆ రోజు ముస్లింలు కూడా కొబ్బరికాయ, బెల్లం పట్టుకుని వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు, జనం గుడి బయట దాకా ఉంటారు. గంటన్నర వరుసలో నిలబడ్డాను. ముందటి ఉగాదికి వేపపువ్వు పచ్చడి ఇంట్లోనే నా చేతికి తెచ్చిచ్చారు. స్వామి ముందు వంగి, రెండు చేతులూ నేలకు ఆనించి మొక్కుకున్నాను. లేచాక మా అత్త నా నడుం మీద చెయ్యి వేసి చూసింది.

పోయిన వారం పక్క సందులో అంగన్‌వాడీ ఆయమ్మ వచ్చింది. పిల్లోళ్ళను ఎత్తీ ఎత్తీ ఆమెకు నడుం రెండు పక్కలా లాగుతోందట, నా సంచి సంగతి విని వచ్చింది. కుట్టేముందు రిమ్స్‌లో ఆ పాప నన్నడిగిన ప్రశ్నలన్నీ ఆమెను అడిగాను. రెండు నెలలుగా ఎడమకాలి బొటనవేలు సరిగ్గా లేవడం లేదని మెల్లగా చెప్పింది. సంచి కుట్టలేదు. పొద్దున్నే ఆటో మాట్లాడి రిమ్స్‌కు పంపించాను. చూపించుకుని వచ్చాక, వాళ్ళు సరే అంటే కుడతాను. కొలత తీసి పెట్టుకున్నాను. ఆమెకు వెన్నుకు అటూ ఇటూ దిమ్మలు వెడల్పు, సందు రెండు వేళ్ళు చాలదు, మూడు వేళ్ళు వదలాలి.